చొక్కా ఎత్తి చూపిన ఆటగాడు



మన హాస్టల్‌లో కబడ్డీ ఆడేటప్పుడు జట్లు ఎట్లా విడగొట్టేవాళ్లమో గుర్తుందా? అందరి ఒంటి మీదా ఒకే తానులోంచి చింపిన సర్కారు గుడ్డ, ఒకే దర్జీ కుట్టిన చొక్కా. కూతకు వెళ్లినవాడికి ఎవరు మనవాడో, ఎవరు అవతలివాడో తెలిసేది కాదు. అందుకని ఒక జట్టు చొక్కాలు విప్పి ఆడేది, ఇంకో జట్టు వేసుకుని ఆడేది. విప్పే జట్టులో పడ్డ రోజు నాకు ఏడుపొచ్చేది. చిరుగుల బనియను ఒకటి, దాని కింద ఎముకలు లెక్కపెట్టేటట్టున్న ఒళ్లు ఇంకొకటి. కడుపునొప్పి అని చెప్పి ఎన్నిసార్లు మెట్ల మీద కూర్చున్నానో వార్డెన్ సారుకు ఈ రోజుకీ తెలియదు.

ఆ చొక్కా హాస్టల్ లోపల అందరినీ ఒకటి చేసేది. గేటు దాటితే మాత్రం సంగతి వేరు. ఆ చొక్కాను చూసి దూరం నుంచే "హాస్టలోళ్లు వస్తున్నరు" అనేవాళ్లు. ఆ మాటలో వెక్కిరింత ఎంతో, ఉత్త గుర్తింపు ఎంతో అప్పుడు తెలిసేది కాదు గానీ నడక మాత్రం మారిపోయేది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులం కొందరం కలిసి హాస్టల్ జట్టుకు జెర్సీలు కుట్టించాలనుకున్నాం. డబ్బులు పోగైన రోజే రంగు మీద తగాదా మొదలైంది. రంగు తేలాక వీపు మీద ఏం రాయాలన్నది ఇంకా పెద్ద తగాదా అయ్యింది. "హాస్టల్ పేరు వద్దన్నా, బయటికి ఆడపోయినచోట పిల్లలను చిన్నచూపు చూస్తరు" అని ఒకరు. "పేరు లేకుంటే ఎవరి జట్టని చెప్తరు?" అని ఇంకొకరు. నేను ఏదీ తేల్చుకోలేక ఊరుకున్నాను. ఆ రోజుల్లోనే ఒక ఆట గురించి చదవడం మొదలుపెట్టాను. ఆ ఆట సంగతే ఈ వ్యాసం.

నేను పని చేసేది కోకాపేటలో, ఆస్ట్రేలియా వాళ్ల పని చేసిపెట్టే ఆఫీసులో. మెల్‌బోర్న్ గడియారం మనకంటే నాలుగున్నర గంటలు, వాళ్ల వేసవిలో ఐదున్నర గంటలు ముందు నడుస్తుంది. అందుకని మేం చీకటితోనే లాగిన్ అవుతాం. మీటింగు మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు అవతలివాళ్లు మాట్లాడుకునేది ఒక్కటే, 'ఫుటీ'. అంటే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. ఏమీ అర్థం కాక నవ్వుతూ కూర్చోవడం ఎన్నాళ్లని తెలుసుకుందామనుకున్నాను.

ముందు ఆట గురించి చెప్పాలి. లేకుంటే జెర్సీ గొడవ అర్థం కాదు. ఇది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు, రగ్బీ కూడా కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. మైదానమూ కోలగానే ఉంటుంది, ఎందుకంటే అది క్రికెట్ మైదానమే. చలికాలంలో క్రికెటర్ల ఒళ్లు బిగుసుకుపోకుండా ఒక ఆట కావాలని 1858లో టామ్ విల్స్ అనే క్రికెటర్ పత్రికకు ఉత్తరం రాశాడు. 1859 మే నెలలో మెల్‌బోర్న్‌లో కొందరు కూర్చుని నియమాలు రాసుకున్నారు. జట్టుకు 18 మంది. ఒక్కో చివర నాలుగు స్తంభాలు. నడిమి రెండింటి మధ్య నుంచి తన్నితే 6 పాయింట్లు, పక్క సందుల్లోంచి పోతే 1. బంతిని చేత్తో విసరకూడదు, పిడికిలితో గుద్ది అందించాలి. పట్టుకుని పరుగెత్తేవాడు 15 మీటర్లకోసారి నేలకు కొట్టి మళ్లీ అందుకోవాలి. కనీసం 15 మీటర్ల దూరం నుంచి తన్నిన బంతిని గాల్లోనే ఒడిసిపడితే దాన్ని 'మార్క్' అంటారు. అట్లా పట్టినవాడు నింపాదిగా తన్నుకోవచ్చు, ఎవరూ ముట్టుకోకూడదు. ఆ మార్క్ కోసం అవతలివాడి భుజం మీద మోకాలు పెట్టి ఎక్కేస్తారు. ఇది ఫౌలు కాదా అని అడిగాను. కాదట!

మైదానం పొడవు 135 నుంచి 185 మీటర్ల దాకా ఉండొచ్చు. మామూలు మైదానం ఒకటి లెక్క వేసి చూస్తే నాలుగెకరాలు దాటింది. మా కోకాపేటలో 2023 ఆగస్టులో జరిగిన సర్కారు వేలంలో ఎకరం 100 కోట్ల పైన పలికింది. ఆ లెక్కన ఇక్కడ ఒక్క ఫుటీ మైదానానికి 400 కోట్లు కావాలి. ఆట ఇక్కడిదాకా ఎందుకు రాలేదని ఇక అడగక్కర్లేదు.

ఈ ఆటలో ఆఫ్‌సైడ్ లేదు. 36 మందీ ఎక్కడంటే అక్కడ కలగలిసి ఉంటారు. తలెత్తి చూసిన క్షణంలో మనవాడెవడో తెలియాలి. మన కబడ్డీ కష్టమే వాళ్లకూ వచ్చింది. తొలి రోజుల్లో టోపీల రంగుతో, మేజోళ్ల రంగుతో సరిపెట్టుకున్నారు. 19వ శతాబ్దంలోనే ముందువైపు తాళ్లతో బిగించి కట్టే కాన్వాసు జాకెట్టు వచ్చింది. అది ఒంటికి అతుక్కుని ఉంటుంది, పట్టి లాగుదామంటే వేళ్లకు చిక్కదు. తర్వాత ఉన్ని, ఆ తర్వాత ఇప్పటి పల్చటి గుడ్డ వచ్చాయి. చేతులు పైకెత్తి బంతి అందుకునే ఆట కనుక చేతులు లేని జెర్సీయే ఎక్కువమంది వేసుకుంటారు. చూడ్డానికి మన బనియనులాగే ఉంటుంది. దాన్ని వాళ్లు జెర్సీ అనరు, 'గర్న్సీ' అంటారు. గర్న్సీ అనేది ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య సముద్రంలో ఉన్న ఒక దీవి. అక్కడి జాలరులు వేసుకునే అల్లిక ఉన్ని చొక్కాకు ఆ పేరుండేది. ఆస్ట్రేలియాలో 'వాడికి గర్న్సీ దొరికింది' అంటే వాడు జట్టుకు ఎంపికయ్యాడని అర్థం. ఆటలోనే కాదు, ఉద్యోగానికి ఎంపికైనా ఆ మాటే వాడతారు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

1912లో మెల్‌బోర్న్ లీగులో వీపు మీద నంబర్లు వచ్చాయి. ఏ నంబరు ఎవరిదో చెప్పే చిన్న పత్రిక మైదానం దగ్గర అమ్మడమూ అదే ఏడాది మొదలైంది. సొంత మైదానంలో ఆడేవాళ్లు రంగు నిక్కరు, బయటి నుంచి వచ్చినవాళ్లు తెల్ల నిక్కరు వేసుకోవడం పాత ఆనవాయితీ. ఎసెండన్‌ది నల్ల జెర్సీ మీద ఏటవాలుగా ఎర్ర పట్టీ. రిచ్‌మండ్‌దీ నల్ల జెర్సీయే, పట్టీ పసుపుపచ్చ. కాలింగ్‌వుడ్‌వి నలుపు తెలుపు నిలువు చారలు. మెల్‌బోర్న్‌లో పుట్టిన సౌత్ మెల్‌బోర్న్ జట్టు 1982లో సిడ్నీకి తరలిపోయింది. 1987 నుంచి దాని జెర్సీ మీదికి సిడ్నీ ఓపెరా హౌస్ బొమ్మ ఎక్కింది. ఊరు మారినవాడు రేషను కార్డు మార్పించుకున్నట్టు అనిపించింది నాకు.

రంగుల వెనుక కథల్లో నాకు బాగా నచ్చింది సెయింట్ కిల్డా క్లబ్బుది. వాళ్ల రంగులు ఎరుపు, తెలుపు, నలుపు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. చూస్తే జర్మనీ జెండా రంగులూ అవే! శత్రువు రంగులు ఒంటి మీద వేసుకుని ఎట్లా ఆడతారు? 1915లో తెలుపు తీసేసి పసుపు పెట్టారు. అప్పుడవి బెల్జియం జెండా రంగులయ్యాయి. బెల్జియం తమ పక్షం కనుక ఇబ్బంది లేదు. యుద్ధం అయిపోయాక 1923లో మళ్లీ పాత రంగులకు వచ్చారు. ఈ సెయింట్ కిల్డా పేరు కూడా గుర్తుంచుకోండి.

ఇంకోటి పోర్ట్ అడిలైడ్ తగాదా. వాళ్ల నలుపు తెలుపు జెర్సీ 1902 నాటిది. చారలు జైలు ఊచల్లా ఉంటాయని దానికి 'ప్రిజన్ బార్స్' అని పేరు. 1997లో పెద్ద లీగులోకి వచ్చినప్పుడు ఆ జెర్సీ వదులుకోవాల్సి వచ్చింది, నలుపు తెలుపు చారలు అప్పటికే కాలింగ్‌వుడ్‌వి కనుక. తాత కట్టిన ఇంటికి పట్టా ఇంకొకరి పేరు మీద ఉన్నట్టు! అప్పుడప్పుడు పాత జెర్సీల పండుగ పేరుతో వేసుకోనిచ్చారు. 2021 మే నెలలో తమ ఊరి ప్రత్యర్థి అడిలైడ్‌తో మ్యాచ్‌కు అడిగితే లీగు కుదరదంది. వేసుకుంటే పాయింట్లు కోసేస్తామని కూడా హెచ్చరించింది. పోర్ట్ కుర్రాళ్లు మామూలు జెర్సీలోనే ఆడి గెలిచారు. తర్వాత డ్రెస్సింగ్ గదిలోకి పోయి, పాత చారల జెర్సీలు తొడుక్కుని గెలుపు పాట పాడుకున్నారు. మ్యాచ్ అయిపోయింది కదా, ఎవరేం చేస్తారు?

డబ్బు కోసం రంగు మార్చినవాళ్లూ లేకపోలేదు. 1997లో కార్ల్‌టన్ జట్టు ఒక చాక్లెట్ గోళీల కంపెనీ ప్రచారం కోసం తన ముదురు నీలం వదిలి లేత నీలం జెర్సీతో ఒక మ్యాచ్ ఆడింది. అభిమానులు ఇప్పటికీ దాన్ని ఎత్తిపొడుస్తుంటారు.

ఈ ఆటలో వింతలకూ కొదవ లేదు. 1993లో సిడ్నీలో సెయింట్ కిల్డాతో మ్యాచ్ జరుగుతుండగా ఎవరో మైదానంలోకి పందిని వదిలారు. దాని ఒంటి మీద 4 అని రంగుతో రాసి ఉంది. అది సెయింట్ కిల్డా భారీకాయుడు టోనీ లాకెట్ నంబరు. అదే లాకెట్ 1995లో సిడ్నీ జట్టులోకి వచ్చాడు. 1999లో అదే మైదానంలో లీగు చరిత్రలోనే ఎక్కువ గోల్స్ రికార్డు కొట్టాడు. వెక్కిరించిన ఊరే మైదానంలోకి ఉరికి వచ్చి అతని చుట్టూ మూగింది.

1996 జూన్ 8న ఎసెండన్, సెయింట్ కిల్డా జట్లు వేవర్లీ పార్కులో రాత్రి మ్యాచ్ ఆడుతుంటే మూడో క్వార్టర్లో కరెంటు పోయింది. మన స్టడీ అవర్ గుర్తొచ్చిందా? మనం చప్పట్లు కొట్టి దుప్పటి కప్పుకునేవాళ్లం. వాళ్లు మాత్రం మిగిలిన ఆటను మూడు రోజుల తర్వాత, మంగళవారం నాడు ఆడి ముగించారు. 2006 ఏప్రిల్ 30న లాన్సెస్టన్‌లో ఇంకో చిత్రం జరిగింది. ఫ్రీమాంటల్ ఒక పాయింటుతో ముందుంది. ఆట ముగిసిన సైరన్ మోగింది, అంపైర్లకు వినపడలేదు. ఆట సాగింది, సెయింట్ కిల్డా ఒక పాయింటు కొట్టి డ్రా చేసింది. తర్వాత లీగు పెద్దలు కూర్చుని సైరన్ మోగినప్పటి లెక్కే లెక్కని ఫ్రీమాంటల్‌ను గెలిపించారు. 2010 ఫైనల్లో కాలింగ్‌వుడ్, సెయింట్ కిల్డా 68-68తో సమానంగా నిలిచాయి. అప్పటి నియమం ప్రకారం వారం తర్వాత ఫైనల్ మొత్తం మళ్లీ ఆడారు. రెండోసారి కాలింగ్‌వుడ్ 56 పాయింట్లతో గెలిచింది. పాపం సెయింట్ కిల్డా, వింత ఎక్కడ జరిగినా అక్కడ ఉంటుంది.

ఇదంతా మనకెందుకు అంటారా? మెల్‌బోర్న్‌కూ మన హైదరాబాదుకూ పాత చుట్టరికం ఒకటుంది. 1956 ఒలింపిక్స్ మెల్‌బోర్న్‌లో జరిగాయి. ఆ సందర్భంగా తమ ఆటను ప్రపంచానికి చూపాలని డిసెంబరు 7న మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో ఫుటీ ప్రదర్శన మ్యాచ్ పెట్టారు. ఒలింపిక్ నియమాల వల్ల డబ్బు తీసుకునే ఆటగాళ్లు పనికిరారు కనుక అమెచ్యూర్లే ఆడారు. సరిగ్గా అదే రోజు, అదే మైదానంలో, కంచు పతకం కోసం బల్గేరియాతో మన భారత ఫుట్‌బాల్ జట్టు ఆడింది. ఆ జట్టు కోచ్ హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన మీదే 2024లో 'మైదాన్' సినిమా వచ్చింది. జట్టులో హైదరాబాదు వాళ్లు అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్ వంటివారు. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు, వయసు 20. అంతకుముందు క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియానే వాళ్ల సొంతగడ్డ మీద 4-2తో ఓడించారు. బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచారు. బలరాం 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

ఆ నాలుగో స్థానం వెనుక కూడా ఒక బట్టల కథ, కాదు, బూట్ల కథ ఉంది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో ఆడినప్పుడు మనవాళ్లలో ఎక్కువమంది వట్టికాళ్లతో ఆడారు. రెండు పెనాల్టీలు పోగొట్టుకుని 2-1తో ఓడారు. 1952లో హెల్సింకీ చలిలో యుగోస్లావియా చేతిలో 10-1. ఆ తర్వాత దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. వట్టికాళ్ల ఆటను గొప్పగా చెప్పుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. నాకైతే అందులో గొప్ప కనపడదు. మన పిల్లలు వట్టికాళ్లతో ఆడింది ఇష్టంతో మాత్రమే కాదు. బూటు కాలికి వచ్చాక నాలుగేళ్లకే ఒలింపిక్ సెమీఫైనల్ దాకా పోయారు కదా! అందుకని సర్కారు ఇచ్చే బూటైనా, చొక్కా అయినా తీసుకోవడంలో సిగ్గుపడాల్సింది లేదు. సిగ్గు పుట్టించేవాళ్లు వేరే ఉంటారు.

వాళ్ల గురించి ఇప్పుడు చెప్తాను. ఆస్ట్రేలియాకు తెల్లవాళ్లు రాకముందు వేల ఏళ్లుగా అక్కడ ఉన్నవాళ్లు ఆదివాసులు. ఫుటీ పుట్టకముందే వాళ్లకు తోలు బంతితో ఆడే సొంత ఆట ఉండేది, దాని పేరు మార్న్‌గ్రూక్. ఫుటీ దాన్నుంచే పుట్టిందా కాదా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. డగ్ నికల్స్ అనే ఆదివాసీ యువకుడు 1927లో కార్ల్‌టన్ జట్టులో చేరబోయాడు. రంగు చూసి వద్దన్నారు. గర్న్సీ దొరకలేదన్నమాట. 1932లో ఫిట్జ్‌రాయ్ తీసుకుంది. మొదటి రోజు డ్రెస్సింగ్ గదిలో అతను ఒక మూల ఒంటరిగా బట్టలు మార్చుకుంటుంటే, ఆ జట్టు హేమాహేమీ హేడన్ బంటన్ లేచి వచ్చి అతని పక్కనే కూర్చుని మార్చుకున్నాడని చెబుతారు. తరగతిలో మన పక్కన బెంచీ ఖాళీగా ఉండి, ఒకడు వచ్చి కూర్చున్న రోజు మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ నికల్స్ తర్వాత సర్ బిరుదు పొంది 1976లో దక్షిణ ఆస్ట్రేలియా గవర్నర్ అయ్యాడు.

ఇక 1993 ఏప్రిల్ 17. కాలింగ్‌వుడ్ సొంత మైదానం విక్టోరియా పార్కు. వచ్చిన జట్టు సెయింట్ కిల్డా. అందులో నికీ విన్మార్, గిల్బర్ట్ మెకాడమ్ ఇద్దరూ ఆదివాసులు. ఆట మొదలు నుంచి చివరి దాకా గుంపులోంచి వాళ్ల రంగు మీద తిట్లు. సెయింట్ కిల్డా 1976 తర్వాత ఆ మైదానంలో గెలవలేదు. ఆ రోజు 22 పాయింట్లతో గెలిచింది, మెకాడమ్ ఒక్కడే 5 గోల్స్ కొట్టాడు. సైరన్ మోగాక విన్మార్ తిట్టిన గుంపు వైపు తిరిగాడు. ఎడమ చేత్తో జెర్సీ పైకెత్తి పట్టుకుని, కుడిచేతి వేలితో తన నల్లని పొట్ట చూపించాడు. అంతే. చెయ్యెత్తలేదు, రాయి విసరలేదు. ఇద్దరు ఫొటోగ్రాఫర్లకు ఆ క్షణం దొరికింది, మర్నాడు దేశమంతా చూసింది.

నేను ఆ ఫొటో చూసింది ఆఫీసు క్యాంటీన్లో, ఫోన్లో. టీ చల్లారిపోయింది. చొక్కా ఎత్తమంటే కడుపునొప్పని చెప్పి మెట్ల మీద కూర్చున్నవాణ్ణి నేను. ఆయన వేల మంది ముందు ఎత్తాడు. ఆ జెర్సీ రంగులు శత్రువు జెండాలా ఉన్నాయని ఒకప్పుడు మార్చారు కదా. దాని కింద ఉన్న రంగును మార్చేది లేదు, మార్చక్కర్లేదు అని ఒక్క వేలితో చెప్పాడు.

ఒక్క ఫొటోతో అంతా మారిపోలేదు. కొద్ది రోజులకే కాలింగ్‌వుడ్ అధ్యక్షుడు, ఆదివాసులు తెల్లవాళ్లలా నడుచుకుంటే గౌరవిస్తామన్న అర్థంలో మాట్లాడి ఇంకా గొడవ తెచ్చుకున్నాడు. 1995లో ఎసెండన్ ఆటగాడు మైకేల్ లాంగ్, మైదానంలో తనను రంగు పేరుతో తిట్టిన సంగతి దాచుకోకుండా పట్టుబట్టాడు. ఆ ఏడాదే జాతి దూషణ మీద లీగు నియమం తెచ్చింది. 2013లో సిడ్నీ ఆటగాడు ఆడమ్ గుడ్స్‌ను 13 ఏళ్ల పాప ఒకతె కోతితో పోల్చి అరిచింది. ఆయన ఆగి వేలితో చూపించాడు. మర్నాడు, ఆ పాపను నిందించకండి, ఆమెకు అండగా ఉండండి అన్నాడు. అయినా 2015లో మైదానమెల్లా ఆయన బంతి ముట్టుకుంటే చాలు ఈలలు, కేకలు. ఆ ఏడాదే ఆట వదిలేశాడు. లీగు క్షమాపణ చెప్పింది 2019లో. నాలుగేళ్లు పట్టింది! 2021లో కాలింగ్‌వుడ్ తానే వేయించిన విచారణలో, ఆ క్లబ్బులో జాతి వివక్ష వ్యవస్థలోనే ఉందని తేలింది.

జెర్సీ మీద మాత్రం ఒక మార్పు కళ్లకు కనపడుతుంది. ఏటా ఆదివాసుల గౌరవార్థం జరిగే రౌండులో క్లబ్బులన్నీ ఆదివాసీ చిత్రకారులు గీసిన జెర్సీలు వేసుకుంటాయి. నదులు, చుక్కలు, అడుగుజాడలు, పూర్వీకుల కథలు వాటి మీద ఉంటాయి. 2016 నుంచి ఆ రౌండుకు సర్ డగ్ నికల్స్ పేరు పెట్టారు. ఒకప్పుడు ఆయనకు గర్న్సీ ఇవ్వని కార్ల్‌టన్ కూడా ఆ వారం ఆ జెర్సీయే వేసుకుంటుంది. విన్మార్ చొక్కా ఎత్తిన భంగిమలో 2019లో పెర్త్ స్టేడియం దగ్గర విగ్రహం పెట్టారు.

అందుకని తమ్ముళ్లారా, మన జెర్సీ తగాదాలో నా ఓటు ఇది. హాస్టల్ పేరు రాయిద్దాం. వీపు మీద కాదు, ముందు, గుండెకు అడ్డంగా, దూరం నుంచి కనపడేంత పెద్ద అక్షరాలతో. వద్దన్న అన్నకు ఫోన్ చేసి ఈ ఫొటో పంపాను. చాలాసేపు జవాబు రాలేదు. రాత్రి ఒక్క ముక్క వచ్చింది: "అక్షరాలు పసుపుపచ్చవి పెట్టిద్దాం, నల్ల గుడ్డ మీద బాగుంటయ్."

కొలతలు రెండు వారాల్లో పంపండి. ఛాతీ, పొడవు రెండూ రాయండి, ఒక అంగుళం వదులుగానే రాయండి, వచ్చే ఏడు కూడా పనికొస్తుంది. నంబర్లు మీలో మీరే పంచుకోండి. విన్మార్ నంబరు 7, దానికి కొట్లాట వస్తే చీటీలు వేసుకోండి. కబడ్డీ జట్టుకు రెండు రంగుల్లో కుట్టిస్తున్నాం, ఇక ఎవరూ చొక్కా విప్పక్కర్లేదు.

— ఒక పూర్వ విద్యార్థి, కోకాపేట